మొదటి ఉద్యోగానికి రెజ్యూమె: ప్రకటన చదవడం నుంచి పంపేదాకా

రెజ్యూమె చేయాల్సిన పని ఒక్కటే, ఇంటర్వ్యూకి పిలిపించడం. ఆ తర్వాత ఉద్యోగం తెచ్చుకోవడం మీ వంతు. ఈ తేడా మనసులో ఉంటే ఏది రాయాలో, ఏది తీసేయాలో చాలావరకు దానంతటదే తేలిపోతుంది. చదివే హెచ్‌ఆర్ వాళ్లకు మీ జీవితమంతా అక్కర్లేదు. ప్రకటనలో అడిగిన పని మీకు వచ్చా, వచ్చనడానికి ఆధారమేంటి అన్నదే వాళ్లు చూస్తారు. కాలేజీల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే ఫైలు ఒకటుంటుంది. పేరు, ఫోన్ నంబరు మార్చి క్లాసులో అందరూ అదే పంపుతారు. ఆ ఫైలు దగ్గర ఈ ఆధారం ఉండదు. అది పనిచేయకపోవడానికి కారణం అదే.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. గుంటూరులో బీకామ్ కంప్యూటర్స్ పూర్తిచేసి, మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో 14 నెలలు లెక్కలు రాసిన అమ్మాయి, విజయవాడలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తోంది అనుకోండి. ఇంజినీరింగ్ వాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెబుతాం. రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడి నమూనా వాక్యాల భావం తీసుకుని మీ సొంత ఇంగ్లిష్‌లో, చిన్న వాక్యాల్లో రాసుకోండి. ఏపీపీఎస్‌సీ, టీజీపీఎస్‌సీ పరీక్షలకు వెళ్లేవాళ్లకు మాత్రం ఇది అవసరం లేదు. అక్కడ వన్‌టైమ్ రిజిస్ట్రేషన్ (ఏపీలో ఓటీపీఆర్, తెలంగాణలో ఓటీఆర్) ద్వారా వివరాలు నమోదు చేసుకుని ఆన్‌లైన్ దరఖాస్తు నింపడమే.

ముందు సరుకు పోగు చేసుకోండి

వర్డ్ ఫైలు తెరిచి నేరుగా రాయడం మొదలుపెడితే గుర్తున్నదే రాస్తాం, ముఖ్యమైనవి జారిపోతాయి. ముందుగా పది, ఇంటర్, డిగ్రీ మెమోలు, కోర్సు సర్టిఫికెట్లు, ఇంటర్న్‌షిప్ లెటర్ ముందు పెట్టుకుని మొత్తం సమాచారం ఒకే ఫైల్లో దించండి. చేసిన ప్రతి పని, చేరిన నెల, మానేసిన నెల, వాడిన సాఫ్ట్‌వేర్, ఎవరికి రిపోర్ట్ చేశారు, అన్నీ అందులో ఉండాలి. ఇది ఎవరికీ పంపేది కాదు. నాలుగు పేజీలైనా ఫర్వాలేదు. ప్రతి ఉద్యోగానికీ ఇందులోంచి ఏరుకుని ఒక పేజీ తయారు చేస్తారు.

అంకెలు కూడా ఇప్పుడే తీయాలి. "నేను చేసిన పనికి అంకెలేముంటాయి" అని చాలామంది వదిలేస్తారు, కానీ వెతికితే దొరుకుతాయి. మన ఉదాహరణలో మార్చి నెల మొదటి బిల్లు నంబరు 1412, చివరిది 2937 అనుకుందాం. అంటే 1526 బిల్లులు. పనిదినాలు 24 అయితే రోజుకు 63 దాటాయి. ఇక రెజ్యూమెలో "సీజన్‌లో రోజుకు 60కి పైగా బిల్లులు" అని ధైర్యంగా రాయొచ్చు. ఎవరైనా ఎలా అని అడిగితే ఈ లెక్కే చెప్పొచ్చు. హాజరు పుస్తకం, స్టాకు రిజిస్టరు, వాట్సాప్ గ్రూపులో పంపిన రోజువారీ రిపోర్టులు, ఇవన్నీ అంకెలు దాగి ఉండే చోట్లే.

ప్రకటనను గీతలు గీస్తూ చదవండి

ప్రకటన ప్రింటు తీసుకోండి, లేదా నోట్‌బుక్‌లో ఎక్కించండి. తప్పనిసరి అన్నవాటికి ఒక రంగు, ఉంటే మంచిది అన్నవాటికి ఇంకో రంగు. మన ప్రకటనలో టాలీ ప్రైమ్ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్‌టీ రిటర్న్‌లు, బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంటును మన పుస్తకాలతో సరిపోల్చడం), ఎక్సెల్ అడిగారు. సున్నా నుంచి రెండేళ్ల అనుభవం చాలన్నారు. ఇప్పుడు ప్రతి మాట పక్కనా మీరు పోగుచేసిన ఫైల్లోంచి ఒక ఆధారం రాయండి. తప్పనిసరి అన్నవాటిలో సగానికి పైగా మీకు ఉంటే దరఖాస్తు చేయండి. అన్నీ ఉండితీరాలని ఆగిపోవద్దు.

వాళ్లు వాడిన మాటే వాడటం ముఖ్యం. పెద్ద కంపెనీల్లో, నౌకరీ లాంటి పోర్టళ్లలో రిక్రూటర్లు మాటలు టైపుచేసి వెతుకుతారు. వాళ్లు "బ్యాంక్ రీకన్సిలియేషన్" అని వెతికితే, మీరు రాసిన "బ్యాంకు పనులు" దొరకదు. యార్డులో అందరికీ తెలిసిన తక్‌పట్టీ కూడా విజయవాడ ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కు తెలియకపోవచ్చు. దాన్ని రైతుకు ఇచ్చే అమ్మకపు బిల్లు అని అర్థమయ్యేలా మార్చాలి. స్థానికంగా చేసిన పని చిన్నది కాదు. దాన్ని చదివేవాళ్ల మాటల్లోకి మార్చకపోతేనే చిన్నదిగా కనిపిస్తుంది.

పేజీ అమరిక

ఏ4 సైజు, ఒకే పేజీ. మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చేదాకా రెండో పేజీ అవసరం రాదు. అంచులు నాలుగు వైపులా సుమారు 2 సెంటీమీటర్లు. కాలిబ్రీ లేదా ఏరియల్ ఫాంటు, అసలు మ్యాటర్‌కు 10.5 లేదా 11 సైజు, విభాగాల పేర్లకు 12 లేదా 13, మీ పేరుకు 16 నుంచి 18. సరిపోవడం లేదని 9కి తగ్గించకండి, వాక్యాలు తగ్గించండి.

కాన్వాలో దొరికే రెండు నిలువు వరసల రంగుల టెంప్లేట్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ కంపెనీ సాఫ్ట్‌వేర్ రెజ్యూమెలోంచి అక్షరాలను బయటికి లాగేటప్పుడు ఎడమ వరసలోని ఒక ముక్క, కుడి వరసలోని ఒక ముక్క కలిపి చదివేసే ప్రమాదం ఉంది. టెక్స్ట్ బాక్సులు, టేబుళ్లు, హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు, ఐకాన్లు, ఇవి కూడా ఇలాగే తేడా చేస్తాయి. ఒకే నిలువు వరస, మామూలు శీర్షికలు, మామూలు చుక్కల బుల్లెట్లు చాలు. డిజైనర్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు తమ పనితనం పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చు.

తెలుగు డీటీపీ, అనువాదం, పత్రికల ఉద్యోగాలకు తెలుగులోనే రెజ్యూమె రాస్తుంటే తప్పకుండా యూనికోడ్‌లో టైపు చేయండి. అను ఫాంట్లలో కొట్టింది అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోతుంది.

పై నాలుగు లైన్లు

పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయండి. మన దగ్గర ఇంటిపేరు ముందు ఉంటుంది, బయటి కంపెనీల ఫారాల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడగొట్టి అడుగుతారు. మెమోలో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా, రెజ్యూమెలో మరోలా ఉంటే ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో వివరణలు ఇచ్చుకోవాల్సి వస్తుంది. మెమోకూ ఆధార్‌కూ తేడా ఉంటే ఉద్యోగాల వేట మొదలుకాకముందే సరిచేయించుకోండి.

పేరు కింద ఊరు, జిల్లా లేదా రాష్ట్రం చాలు. డోర్ నంబరు, పిన్ కోడ్ వద్దు. విజయవాడకు మారడానికి సిద్ధమైతే ఆ మాట ఇక్కడే చేర్చండి, దూరపు ఊరని పక్కన పెట్టకుండా ఉంటారు. ఫోన్ ఒకే నంబరు, మీ చేతిలో ఉండేది. నాన్న నంబరు ఇస్తే కాల్ వచ్చినప్పుడు ఆయన పొలంలోనో డ్యూటీలోనో ఉంటారు. ఈమెయిల్ మీ పేరుతో ఉండాలి. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ చదువు అయిపోయాక ఆగిపోవచ్చు, దాన్ని వాడకండి. లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ (రాసిన కోడ్‌ను పెట్టుకునే సైట్) లింకులు పెడితే ముందు వేరే ఫోన్‌లోంచి తెరిచి చూడండి. ఖాళీ గిట్‌హబ్ పెట్టడం కంటే పెట్టకపోవడం నయం.

పరిచయం: మూడు లైన్లు మించొద్దు

"సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి తోడ్పడాలని" అంటూ సాగే ఆబ్జెక్టివ్‌ను కొట్టేయండి. అది ఎవరి రెజ్యూమెకైనా అతుకుతుంది కాబట్టి మీ గురించి ఏమీ చెప్పదు. దాని చోట మీరెవరు, ఏం వచ్చు, ఏ ఉద్యోగం కోసం అన్నవి చెప్పండి. "బీకామ్ కంప్యూటర్స్ పట్టభద్రురాలిని. వ్యవసాయ కమీషన్ వ్యాపారంలో 14 నెలల అకౌంట్స్ అనుభవం ఉంది. టాలీ ప్రైమ్‌లో రోజువారీ ఎంట్రీలు, బ్యాంక్ రీకన్సిలియేషన్, జీఎస్‌టీ రిటర్న్‌లకు వివరాలు సిద్ధం చేయడం వచ్చు. వెంటనే చేరగలను." ఈ భాగాన్ని అన్నిటికన్నా ఆఖర్న రాయండి. మిగతాదంతా పూర్తయ్యాకే ఏది పైకి తేవాలో తెలుస్తుంది.

అనుభవం: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

చాలామంది ఇలా రాస్తారు: "అకౌంట్స్ చూసుకోవడం, టాలీ ఎంట్రీలు, బ్యాంకు పనులు, ఇతర పనులు." ఇది డ్యూటీల జాబితా. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇదే రాస్తారు. ప్రతి బుల్లెట్‌లోనూ ఏం చేశారు, దేనితో చేశారు, ఎంత చేశారు, దానివల్ల ఏమైంది అన్న నాలుగింటిలో కనీసం మూడు ఉండాలి. అదే పని ఇప్పుడు ఇలా అవుతుంది:

- సీజన్‌లో రోజుకు 60కి పైగా రైతుల అమ్మకపు బిల్లులను టాలీ ప్రైమ్‌లో నమోదు చేసి, ఏ రోజు క్యాష్ బుక్ ఆ రోజే సరిచూడటం
- రెండు బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లను వారం వారం పుస్తకాలతో సరిపోల్చి, తేడాలను యజమాని దృష్టికి తేవడం
- నెలవారీ అమ్మకాల వివరాలను ఎక్సెల్‌లో సిద్ధం చేసి, జీఎస్‌టీఆర్-1 గడువైన 11వ తేదీకి ముందే ఆడిటర్‌కు అందించడం
- వ్యాపారుల నుంచి రావాల్సిన బాకీల జాబితాను పాతబడిన రోజుల లెక్కన విడగొట్టి, ప్రతి సోమవారం వసూళ్లకు ఇవ్వడం

జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీ రిటర్న్) గురించిన మూడో బుల్లెట్‌ను మళ్లీ చూడండి. ఆమె రిటర్న్ ఫైల్ చేసిందని రాయలేదు. వివరాలు సిద్ధం చేసింది, ఫైల్ చేసింది ఆడిటర్. "ఫైల్ చేశాను" అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే జీఎస్‌టీఆర్-3బీ అనే సారాంశ రిటర్న్‌లో ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్ను మినహాయింపు) ఎక్కడ చూపిస్తారని వస్తుంది. సహాయం చేయడం, సిద్ధం చేయడం, సొంతంగా పూర్తి చేయడం, ఈ మూడూ వేర్వేరు మెట్లు. మీరు నిలబడ్డ మెట్టుకు తగిన క్రియే వాడండి. పెంచి రాసిన ఒక్క మాట పట్టుబడితే నిజమైన మిగతా మాటలను కూడా అనుమానంగానే చూస్తారు.

ఇంగ్లిష్‌లో ప్రతి బుల్లెట్ భూతకాల క్రియతో మొదలవ్వాలి. "ఐ" అక్కర్లేదు. "రెస్పాన్సిబుల్ ఫర్" అని మొదలుపెడితే పని జరిగిందో లేదో తెలియదు. ఒక ఉద్యోగానికి మూడు నుంచి ఐదు బుల్లెట్లు, ఒక్కోటి రెండు లైన్లు దాటకుండా. ప్రకటనలో మొదట అడిగినదానికి ఆధారమైన బుల్లెట్ అన్నిటికన్నా పైన ఉండాలి. తేదీలను 05/04/2024 అని రాస్తే ఏప్రిలా, మే నెలా అని సందేహం వస్తుంది. నెల పేరు, సంవత్సరం రాయండి.

సొంత కిరాణా కొట్టు లెక్కలు చూడటం, పిల్లలకు ట్యూషన్లు చెప్పడం, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు ఖర్చులు రాయడం కూడా అనుభవమే. జీతం రాలేదు కదా అని వదిలేయకండి. అది కుటుంబ వ్యాపారమన్న విషయం మాత్రం దాచకండి.

ప్రాజెక్టులు: ఇంజినీరింగ్ వాళ్లకు ఇదే అనుభవం

మేజర్ ప్రాజెక్టు నలుగురు కలిసి చేస్తారు, నలుగురి రెజ్యూమెల్లోనూ ఒకే పేరా ఉంటుంది. ఒకే కంపెనీకి నలుగురూ వెళ్లినప్పుడు ఆ సంగతి ప్యానెల్‌కు ఇట్టే తెలిసిపోతుంది. ప్రాజెక్టు ఏం చేస్తుందో ఒక లైను చాలు. మిగతా రెండు మూడు లైన్లు అందులో మీ వాటా: లాగిన్ మాడ్యూల్ మీరు రాశారా, డేటాబేస్ టేబుళ్లు మీరు డిజైన్ చేశారా, టెస్ట్ కేసులు ఎన్ని రాశారు, ఏ తప్పు పట్టుకున్నారు.

మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుకు "98 శాతం అక్యురసీ" అని రాసేముందు అది ఏ డేటా మీద వచ్చిందో చూసుకోండి. ట్రైనింగ్‌కు వాడిన డేటా మీదే పరీక్షిస్తే ఆ అంకెకు విలువ లేదు. వంద రికార్డుల్లో 98 ఒకే తరగతికి చెందినవైతే, అన్నిటికీ ఒకే జవాబు చెప్పే ప్రోగ్రాముకు కూడా 98 శాతమే వస్తుంది. ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా ఇదే.

డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు ఉంటే దాన్ని పెట్టకండి. దానికి బదులు నెల రోజులు కూర్చుని సొంతంగా ఒక చిన్నది చేయండి. కాలేజీ బస్సుల సమయాలు చూపించే పేజీ అయినా సరే, ప్రతి లైను ఎందుకు రాశారో చెప్పగలిగితే అదే గట్టిది. గిట్‌హబ్‌లో పెట్టి, ఎలా నడపాలో రీడ్‌మీ ఫైల్లో రాసి, స్క్రీన్‌షాట్ జోడించండి.

నైపుణ్యాలు, చదువు

నైపుణ్యాలను గుంపులుగా మూడు నాలుగు లైన్లలో రాయండి: అకౌంటింగ్‌కు టాలీ ప్రైమ్, ఎక్సెల్‌లో వీ-లుకప్, పివట్ టేబుల్, పన్నుల్లో జీఎస్‌టీ, టీడీఎస్ ప్రాథమిక అవగాహన, భాషల్లో తెలుగు, ఇంగ్లిష్, మాట్లాడగలిగినంత హిందీ. సిలబస్‌లో ఉన్న భాషలన్నీ వరసగా పేర్చకండి. అప్పటికప్పుడు కాగితం ఇచ్చి చేయమంటే చేయగలిగినవే ఉండాలి. 80 శాతం, 90 శాతం అంటూ పట్టీలు గీయడం వృథా, దేనిలో 80 శాతమో ఎవరికీ తెలియదు. కష్టపడేతత్వం, టీమ్‌వర్క్ లాంటివి విడిగా చెప్పుకోనక్కర్లేదు, బుల్లెట్లలో కనబడాలి.

చదువును మనవాళ్లు ఐదు గళ్ల టేబుల్‌గా వేస్తారు. టేబుల్ వద్దు. డిగ్రీ, కాలేజీ, పూర్తయిన సంవత్సరం, మార్కులు ఒక్కో లైన్లో, కొత్తది పైన. రాష్ట్రం బయటి కంపెనీ అయితే ఇంటర్మీడియట్ పక్కన పన్నెండో తరగతి అని, ఎంపీసీ అంటే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలని వివరంగా రాయండి. చాలా కంపెనీలు పది నుంచి డిగ్రీ దాకా 60 శాతం అడుగుతాయి. అందుకని ఫ్రెషర్లు మూడూ ఉంచాలి.

సీజీపీఏను 10తో గుణించి శాతం రాసేయడం తరచూ కనిపించే పొరపాటు. కొన్ని విశ్వవిద్యాలయాల లెక్కలో ముందు 0.5, మరికొన్నిటిలో 0.75 తీసేసి ఆ తర్వాత 10తో గుణించాలి. 7.8 సీజీపీఏ మొదటి లెక్కలో 73 శాతం, రెండో లెక్కలో 70.5. మీరనుకున్న 78 రెండింటిలోనూ రాదు. మీ రెగ్యులేషన్‌కు వర్తించే సూత్రం మెమో వెనకో పరీక్షల విభాగంలోనో చూసుకోండి. ప్రకటనలో బ్యాక్‌లాగ్‌ల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాయకూడనివి

ప్రైవేటు కంపెనీకి తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం, పెళ్లయిందా లేదా, ఇవేవీ అక్కర్లేదు. ఆధార్, పాన్ నంబర్లు అసలే వద్దు, ఆ ఫైలు ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందో మీకు తెలియదు. అడిగితే తప్ప ఫొటో వద్దు. "పైన పేర్కొన్న వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అన్న డిక్లరేషన్, కింద స్థలం, తేదీ, సంతకం పాత అలవాటు. వాటిని తీసేస్తే రెండు మంచి బుల్లెట్లకు చోటు దొరుకుతుంది.

గల్ఫ్ ఉద్యోగాలకు లెక్క వేరు. అక్కడ ఫొటో, జాతీయత, పాస్‌పోర్టు గడువు, వీసా స్థితి సాధారణంగా అడుగుతారు. అమెరికాకు పంపేదాంట్లో ఫొటో, వయసు, వైవాహిక వివరాలు ఉండకూడదు. కాగితం సైజు కూడా ఏ4 కాదు, 8.5 బై 11 అంగుళాల లెటర్ సైజు.

ఖాళీ సంవత్సరాలు, దొంగ అనుభవం

గ్రూప్-2కో బ్యాంకు పరీక్షలకో రెండేళ్లు చదివి రాకపోతే అది నేరం కాదు. "2022 జూన్ నుంచి 2024 మే వరకు పోటీ పరీక్షల సన్నద్ధత" అని ఒక లైను రాసి, ఆ తర్వాత నేర్చుకున్న కోర్సు దాని పైన పెట్టండి. ఖాళీని దాచడానికి తేదీలు సాగదీస్తేనే ఇబ్బంది.

రెండు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి ఇచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. దయచేసి అటు వెళ్లకండి. మీ పీఎఫ్ ఖాతాల నంబరైన యూఏఎన్ కింద ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. జీతంలో టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) కోస్తే ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనబడుతుంది. కంపెనీలు ఈ రెండూ అడగొచ్చు, చేరిన ఆర్నెల్లకు కూడా తనిఖీ చేయొచ్చు. అప్పుడు బయటపడితే ఉద్యోగంతో పాటు ఆ ఆర్నెల్ల నిజమైన అనుభవానికి సర్టిఫికెట్ కూడా దక్కకపోవచ్చు.

ఫైలు సరిచూసి పంపడం

వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రింటు తీసి ఫోన్‌తో స్కాన్ చేసిన పీడీఎఫ్ ఉత్త బొమ్మ, సాఫ్ట్‌వేర్‌కు అందులో అక్షరాలు దొరక్కపోవచ్చు. ఇప్పుడు ఆ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పేరు, ఫోన్, అనుభవం, చదువు అదే వరసలో శుభ్రంగా వస్తే సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు అలాగే చదువుతుంది. వాక్యాలు కలగాపులగమైతే అమరిక మార్చాలి. ఫైలు పేరులో మీ పేరు, ఉద్యోగం పేరు ఉండాలి. "రెజ్యూమె ఫైనల్ న్యూ 3" అని ఉంటే వాళ్ల ఫోల్డర్లో మీది ఏదో దొరకదు.

తప్పులు వెతికేటప్పుడు కింది లైను నుంచి పైకి చదవండి, అలవాటైన వాక్యం కళ్లను మోసం చేయదు. ఇంగ్లిష్ సరిదిద్దడానికి చాట్‌జీపీటీ లాంటివి వాడుకోవచ్చు. కానీ అది చేర్చిన ప్రతి అంకె, ప్రతి పెద్ద మాట మీదేనా కాదా చూసుకోవాలి. ఏ పదం పలకడానికి తడబడతారో దాన్ని తేలిక పదంతో మార్చేయండి.

ఈమెయిల్ సబ్జెక్ట్‌లో ఉద్యోగం పేరు, మీ పేరు, అనుభవం, జాబ్ ఐడీ ఉంటే అదీ రాయండి. లోపల ఐదారు లైన్లు చాలు: ఏ ప్రకటన చూశారు, వాళ్లు అడిగినవాటిలో మీ దగ్గరున్న రెండు గట్టి విషయాలు, ఎప్పుడు చేరగలరు, ఫోన్ నంబరు. ఫైలు అటాచ్ చేయండి, అనుమతి అడిగే డ్రైవ్ లింకు పంపకండి. ఒకే మెయిల్‌ను ముప్పై కంపెనీలకు కలిపి పంపితే ఆ అడ్రసులన్నీ అందరికీ కనబడతాయి. నౌకరీలో ప్రొఫైల్‌ను కూడా కొత్త రెజ్యూమెతో సరిపోల్చి అప్‌డేట్ చేయండి. ఈమధ్య సైట్‌లోకి వచ్చిన అభ్యర్థులను మాత్రమే వడకట్టి చూసే వీలు రిక్రూటర్లకు ఉంటుంది కాబట్టి వారానికోసారైనా లాగిన్ అవుతూ ఉండండి.

పంపిన ప్రతిసారీ ఒక ఎక్సెల్ షీట్‌లో తేదీ, కంపెనీ, ఏ ఫైలు పంపారు, ఫారంలో ఎంత జీతం అడిగారు అన్నవి ఎక్కించండి. ప్రకటన మొత్తాన్ని కాపీ చేసి దాచుకోండి. కాల్ మూడు వారాల తర్వాత వస్తే అప్పటికి పోర్టల్‌లో ఆ ప్రకటన ఉండకపోవచ్చు. ఇంటర్వ్యూకి తయారవ్వాల్సింది మాత్రం దాన్ని చూసే.